బాలింతకు పంపిన ఆకు

కువైట్,
12 జనవరి 2024

అక్కకు కోమల నమస్కరించి రాసేది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. మమతారాణి, పసివాడు ఇద్దరూ క్షేమంగా ఇంటికి చేరారని మొన్న ఫోన్‌లో విని మనసు కుదుటపడింది. నీకు మనవడు పుట్టాడంటే నాకూ మనవడే. వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను, కాసేపు ఏడ్చాను కూడా. సాగర్ పెళ్లికి రాలేకపోయాను. ఇప్పుడు వాడి కొడుకు పురుడుకూ రావడం లేదు. ఎండలు ముదిరేదాకా సెలవు ఇవ్వనని మేడం చెప్పేసింది. నాలుగేండ్ల నుంచి మీ ఇంట్లో ఏ శుభకార్యానికీ నేను లేను. బావ నన్ను మరిచిపోయి ఉంటాడు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. మీ ఇంట్లో ఫోన్ మోగితే చాలు, స్పీకర్ పెట్టి పక్కింటివాళ్లతో సహా వింటారు. పైగా ఇందులో వంట సంగతి ఉంది, కాగితం ఎదురుగా పెట్టుకుని చేసుకోవచ్చు.

మన వీధి అంజన్న ఇక్కడ డ్రైవర్‌గా ఉన్నాడు కదా, సెలవు మీద వస్తున్నాడు. అతని చేత ఒక పొట్లం పంపుతున్నాను. అందులో ఉన్నది మరమియా అనే ఆకు. మా మేడం వాళ్లది జోర్డాన్, వాళ్లకు ఇది లేకుండా పూట గడవదు. డబ్బాల మీద ఇంగ్లీషులో సేజ్ అని ఉంటుంది. పొడి కూడా అమ్ముతారు కానీ, పొడిలో ఏం కలిపారో ఎవరు చూడొచ్చారు. అందుకే ఆకుకు ఆకుగా ఉన్నదే ఏరి తెచ్చాను. బూడిద కలిపిన పచ్చరంగులో ఉండాలి, గోధుమ రంగుకు తిరిగితే పాతది. వేలితో తడిమితే లేగదూడ చెవిలా నూగు తగలాలి. నలిపితే కర్పూరంలాంటి ఘాటు ముక్కుకెక్కాలి. ఎండుగడ్డి వాసన వస్తే ఆ దుకాణం దిగి రావడమే. మీ మెట్‌పల్లి మార్కెట్లో పసుపు కొమ్ము విరిచి చూస్తారే, అట్లా నాలుగు దుకాణాల్లో నలిపి చూశాను. ఒకడైతే విసుక్కున్నాడు.

వండే తీరు ఇది. నెయ్యి బాగా కాగనిచ్చి మూడంటే మూడు ఆకులు వేయి. చిటపటలాడి కరకరమనగానే తీసెయ్, నల్లబడితే చేదెక్కుతుంది. ఆ నెయ్యి ఉడికిన ఆలుగడ్డ మీద పోసి ఉప్పు చల్లి, తీసిన ఆకులు పైన నలుపు. గుమ్మడికాయకైనా అంతే. చాయలో అయితే ఒక్క ఆకు చాలు. అన్నం తిన్నాక వీళ్లు తాగేది ఆ చాయే, కడుపు ఉబ్బరానికి మంచిదట. బాలింతకు ఇంకా మంచిది. మమతకు ఇవ్వు. ఆరేండ్లప్పుడే తల్లి పోయిన పిల్ల, పుట్టింట్లో పురుడు పోసే ఆడదిక్కు లేకనే కదా నీ దగ్గర ఉంది. నా వంతుగా ఈ ఆకు అనుకో.

నీ చెల్లె,
కోమల

*

మెట్‌పల్లి,
2 ఫిబ్రవరి 2024

చెల్లె కోమలను అక్క బాలలక్ష్మి దీవించి రాసేది.

నీ ఉత్తరం, పొట్లం అందాయి. జవాబు ఆలస్యమైందని అలగకు, పసుపు తవ్వుడు మొదలైంది, ఒళ్లంతా మట్టే. నేను ఇట్లా రాస్తుంటే నవ్వకు. నోటికి వచ్చేది ఒక తీరు, కలానికి వచ్చేది ఒక తీరు. బడిలో సారు బెత్తం పట్టుకుని నేర్పింది ఏడో తరగతితోనే బడి మానినా పోలేదు.

మొదటి రోజు నీ కాగితం చూడకుండానే పప్పులో గుప్పెడు వేశాను. మీ బావ ఒక ముద్ద తిని నా వంక చూసి "పప్పుల కర్పూరం ఏసినవా ఏంది" అన్నాడు. ఆ పప్పు బర్రె కూడా ముట్టలేదు. రెండో రోజు నువ్వు రాసినట్టే నేతిలో వేసి ఆలుగడ్డ మీద పోశాను. అదే మీ బావ గిన్నె తుడుచుకుని తిన్నాడు. పురుడునాడు వచ్చినవాళ్లకు గుమ్మడికాయ అట్లాగే చేశాను. మా ఆడబిడ్డ శంకరవ్వ ఏ దుకాణంలో కొన్నావని రెండుసార్లు అడిగింది. మా చెల్లె కువైట్ నుంచి పంపిందని నేను గట్టిగానే చెప్పాను, అందరికీ వినబడాలని. పిల్లవాడికి పేరు ఇంకా తేలలేదు, చింటూ అని పిలుస్తున్నాం.

ఇక మమత సంగతి. చాయలో ఒక్క ఆకు అని రాశావు. నీ చేతి పొదుపు నాకు కొత్తా? మందు మందులా ఉండాలి. అవ్వ మనకు వాము కషాయం ఎట్లా కాచేదో అట్లాగే కాస్తున్నాను. పిడికెడు ఆకు, నాలుగు గ్లాసుల నీళ్లు. ఒక్క గ్లాసుకు దిగేదాకా మరగబెట్టి, బెల్లం వేసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మమత మొహం ముడుచుకుంటుంది. నేను పక్కన కూర్చుని గ్లాసు ఖాళీ అయ్యేదాకా లేవను. పసుపు పనిలో కూడా ఆ రెండు పూటలు తప్పనివ్వలేదు.

ఇవాళ శుక్రవారం నీ ఫోన్ వచ్చినప్పుడు అందరూ నిన్ను, నీ ఆకును అంత మెచ్చుకుంటే, నువ్వేమో నోట్లో మాట లేనట్టు ఊరుకున్నావు. ఎప్పటి నుంచి నేర్చావే ఆ సిగ్గు? మీ బావ మాట గుర్తు పెట్టుకో, "కోమల యాడున్నా మన ఇంటి మనిషే" అన్నాడు. ఆ మాట గుర్తు చేయడానికే నీకు ఇది రాస్తున్నాను.

ఇట్లు,
అక్క

*

కువైట్,
18 ఫిబ్రవరి 2024

అక్కకు కోమల నమస్కారాలు.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. బావ అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగాను. నేను ఇంటికి పనికొచ్చే మనిషిననిపించి ఎన్నేండ్లయిందో.

ఆ రోజు ఫోన్‌లో సిగ్నల్ సరిగా లేదు. అంతకు మించి ఏమీ లేదు.

ఇక్కడ లివర్ కూడా ఈ ఆకుతోనే వండుతారు, మేకకాలేజం దొరికితే ఇట్లా చెయ్. ఉల్లిగడ్డ ఎర్రగా వేగనిచ్చి, కాలేజం ముక్కలు వేసి, పచ్చిదనం పోయేదాకా కలుపుతూ ఉండు. దించే ముందు వేరే గిన్నెలో నెయ్యి కాచి రెండు ఆకులు, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు వేసి దాని మీద పోసెయ్. నిమ్మకాయ పిండు. కాలేజం వాసన గిట్టనివాళ్లు కూడా తింటారు. మసాలా దట్టించకు, ఆ ఆకు ఇంకో ఘాటుతో పొసగదు. కొత్తిమీర కూడా వద్దు.

ఒక మాట అక్కా. ఆకు ఇక్కడ ఇప్పుడు సరిగా దొరకడం లేదు, మళ్లీ ఎప్పుడు పంపగలనో తెలియదు. పిడికెళ్లతో కాస్తే ఎన్నాళ్లొస్తుంది? మమతకు కషాయం ఆపేసి కూరల్లోకే వాడుకో. ఒంటికి వేడి కూడా చేస్తుందేమో. ఎందుకైనా మంచిది, తప్పకుండా ఆపెయ్. పాత పథ్యం ఉంది కదా, ఎల్లిపాయ కారం, వాము, అది చాలు.

చింటూకు నా ముద్దులు.

కోమల

*

మెట్‌పల్లి,
8 మార్చి 2024

కోమలకు,

నీ ఉత్తరం చూసి నాకు బాధ కలిగింది, దాచుకోను. ఆకు అయిపోతుందని బాలింతకు ఆపమంటావా? పంపినదాన్ని లెక్క చూసుకోవడం మనింటి పద్ధతి కాదు. నువ్వు అట్లా రాశాక నేను కూరల్లో వేయడమే మానేశాను. మీ బావ ఆలుగడ్డ అడిగినా లేదన్నాను. కాలేజమూ చేయలేదు. ఉన్న ఆకంతా మమతకే దాచాను.

అయినా ఏం లాభం. ఇక్కడ మేం పరేషాన్‌లో ఉన్నాం. పదిహేను రోజులుగా మమతకు పాలు లేవు. మొదట తగ్గాయి, తర్వాత పిల్లవాడు నోరు పెట్టి రెండు గుటకలకే ఏడుపు ఎత్తుకునేవాడు. నెలకు పెరగాల్సిన బరువు పెరగలేదని డాక్టరు డబ్బా పాలు రాశాడు. మన ఇంట్లో ఏ బిడ్డా డబ్బా పాలు తాగలేదు, నీకు తెలుసు. నేను ఎల్లిపాయ పెట్టాను, బొబ్బెర్లు ఉడకబెట్టి పెట్టాను, కషాయం ఇంకా చిక్కగా కాచి మూడు పూటలు చేశాను. ఏ మార్పూ లేదు. తినమంటే తినదు, ఎప్పుడు చూసినా ఫోన్ పట్టుకుని ఉంటుంది. పాలు ఎక్కడి నుంచి వస్తాయి?

పోయిన ఆదివారం పసుపు ఉడకబెడుతున్నాం. కళ్లంలో శంకరవ్వ ఉంది, కైకిలికి వచ్చిన కూలీలు ఆరుగురున్నారు. పిల్లవాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే, డబ్బా పాలు కలపడానికి వేడినీళ్లు కావాలని మమత బయటికి వచ్చింది. పొయ్యి దగ్గర పొద్దుటి నుంచి ఉన్నాను, నాకు కోపం ఆగలేదు. "తల్లి లేకుంట పెరిగినవు, తల్లితనం నీకు యాడికెళ్లి వస్తది" అన్నాను. ఆమె నీళ్లు తీసుకుని లోపలికి పోయింది. మర్నాడు వాళ్ల బాపు దశరథం ఇచ్చోడ నుంచి వచ్చి తల్లినీ పిల్లవాణ్నీ తీసుకుపోయాడు. సాగర్ నాతో మాట్లాడటం లేదు. కోపం కోపమే, పథ్యం పథ్యమే అని మిగిలిన ఆకు ఆమె సంచిలో పెట్టి, కాచే తీరు దశరథానికి చెప్పి పంపాను.

నేనన్నది ఎక్కువైందా? నువ్వే చెప్పు.

అక్క

*

కువైట్,
22 మార్చి 2024

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. అందిన వెంటనే ఇచ్చోడకు ఫోన్ చేసి, ఆ ఆకు పాతబడింది, పారెయ్ అని మమతకు చెప్పాను. ఎందుకని అడగలేదు. "సరే చిన్నత్తమ్మా" అంది, అంతే. తర్వాత మీ ఇంటికి చేశాను. బావ ఎత్తి స్పీకర్ పెట్టాడు. బాగున్నారా అని అడిగి పెట్టేశాను. కాబట్టి ఇది రాస్తున్నాను. దీన్ని నువ్వొక్కదానివే చదువు.

మమత పాలు పోయింది ఆమె వల్ల కాదు. ఆ ఆకు వల్ల. చిక్కగా కాచి రోజూ తాగితే మరమియా పాలు ఎండిపోయేలా చేస్తుంది. నెయ్యిలో రెండు ఆకులు వేస్తే ఏమీ కాదు, కషాయం వేరు. ఇక్కడి ఆడవాళ్లు పిల్లలకు పాలు మాన్పించడానికి అదే తాగుతారు.

ఇది నాకు ఎప్పుడు తెలిసిందో కూడా చెప్పాలి. పంపినప్పుడు తెలియదు, దేవుని మీద ఒట్టు. బాలింతకు మంచిదని ఎవరూ చెప్పలేదు, నేనే కల్పించి రాశాను. ఏదో ఒకటి మీకు ఉపయోగపడాలని ఆత్రం. జనవరి చివరి వారంలో మా మేడం తన చిన్నపిల్లకు పాలు మాన్పించాలని నన్ను పిలిచి, మరమియా చిక్కగా కాచమంది. ఎందుకని అడిగితే చెప్పింది. నేనే నా చేత్తో కాచి ఇచ్చాను. వారం తిరిగేసరికి ఆమెకు పాలు ఆగిపోయాయి. మమతకు మీరు ఇచ్చేది ఒక్క ఆకు చాయే అనుకుని అప్పటికి ఊరుకున్నాను.

ఫిబ్రవరి రెండున ఫోన్ చేసినప్పుడు నువ్వు పిడికెడు అన్నావు, నాలుగు గ్లాసులు ఒక గ్లాసు అన్నావు. చెప్పబోయాను అక్కా. అంతలో బావ ఆ మాట అన్నాడు, మన ఇంటి మనిషే అని. నాలుగేండ్లకు నా పేరు ఆ ఇంట్లో మంచికి వచ్చింది. ఆ నిమిషంలో, నేను పంపింది పసివాడి పాలు తీసేది అని ఎట్లా చెప్పను? రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు ఉత్తరమైంది, ఉత్తరంలో కూడా ఆకు దొరకడం లేదని అబద్ధం రాశాను. ఇక్కడ వీధి చివర బస్తాల కొద్దీ ఉంది. నా అబద్ధం వల్లే నువ్వు కూరల్లో మానేసి మొత్తం ఆమెకే పోశావు.

నువ్వన్న మాట ఎక్కువైందా అని అడిగావు. ఎక్కువైంది. కానీ ఆ మాట నీ చేత అనిపించింది నేను. మమతకు నిజం చెప్పు. నన్ను ఏమన్నా అను, భరిస్తాను.

కోమల

*

మెట్‌పల్లి,
5 ఏప్రిల్ 2024

కోమలా,

నీ ఉత్తరం చదివిన రోజు నువ్వు ఎదురుగా ఉంటే చెయ్యి చేసుకునేదాన్ని. రెండు నెలలు. పసివాడు ఆకలికి ఏడుస్తుంటే రెండు నెలలు నువ్వు నోరు కుట్టుకున్నావు, బావ మెచ్చుకున్నాడని.

ఇంతవరకే రాసి ఆపాను. మూడు రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను.

నీ ఉత్తరాన్ని పసుపు బస్తాల వెనుక దాచాను. ఎవరికీ చెప్పలేదు. సాగర్‌కు చెప్పలేదు, మీ బావకు చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? పది మంది ముందు కోడలిని అన్నాను. ఆ పది మందికీ ఇప్పుడు నేను ఏమైపోతాను? శంకరవ్వ నిన్న కూడా వచ్చి, ఈ కాలం పిల్లలంతా ఇంతే వదినా అని నన్నే ఓదార్చి పోయింది. నేను అవునన్నాను. అవునని అన్నాను కోమలా. చాయకు ఒక్క ఆకని నువ్వు కాగితం మీద రాసి పంపావు కదా, నేను పిడికెడు వేశాను. ఆ సంగతి కూడా ఎవరికీ తెలియదు.

పిల్లవాడు డబ్బా పాలకు అలవాటు పడ్డాడట, దశరథం చెప్పాడు. అయిందేదో అయింది. నువ్వు కూడా మమతకు ఏమీ చెప్పకు. నాలుగు రోజులు పోతే అందరూ మరిచిపోతారు.

నాకు అన్నం సయించడం లేదు.

అక్క

*

కువైట్,
17 ఏప్రిల్ 2024

అక్కా,

మరిచిపోతారని రాశావు. నువ్వు, నేను మరుస్తామేమో. తనకు తల్లితనం రాలేదని ఆ పిల్ల బతికినంతకాలం అనుకుంటుంది. నేను ఒక్క శుక్రవారం ఊరుకుంటే ఏమైందో చూశావు. నువ్వు ఇంకో శుక్రవారం ఊరుకోకు.

చిన్నదాన్ని, నీకు చెప్పేంతదాన్ని కాదు. తప్పు చేసిన నోటితోనే చెబుతున్నాను. నెలాఖరులోగా నువ్వు పోయి చెప్పకపోతే నేను ఫోన్‌లో చెబుతాను. కానీ ఫోన్‌లో నా గొంతు వింటే ఆమెకు ఏం ఊరట? ఆ మాట అన్న మనిషి నోటి నుంచే వినాలి ఆమె.

నీ చెల్లె,
కోమల

*

ఇచ్చోడ,
3 మే 2024

చెల్లె కోమలను బాలలక్ష్మి దీవించి రాసేది.

పై అడ్రసు చూసే నీకు అర్థమై ఉంటుంది. ఇరవై ఏడో తారీఖున వచ్చాను. ఒంటరిగా రాలేదు, శంకరవ్వను వెంట తీసుకువచ్చాను. అన్నప్పుడు విన్న మనిషి, ఇప్పుడూ వినాలి కదా. ఆమెకు బస్సులో ఏమీ చెప్పలేదు. చెబితే నాకు అక్కడే ధైర్యం పోయేది. నిర్మల్‌లో బస్సు మారేటప్పుడు ఒకసారి వెనక్కి పోదామా అనిపించింది, అబద్ధం ఎందుకు.

దశరథం మంచినీళ్లు ఇచ్చి కూర్చోమన్నాడు. మమత చింటూను ఎత్తుకుని గడప దగ్గర నిలబడింది. పిల్లవాడు ఒళ్లు చేశాడు, నన్ను చూసి నవ్వాడు కూడా, వాడికేం తెలుసు. నేను కూర్చోలేదు. ఆ ఆకు పాలు తీసేదని, ఒక్క ఆకు చోట నేను పిడికెడు కాచానని, నీకు తెలిసీ చెప్పలేదని, నాకు తెలిసీ నెల దాచానని అంతా చెప్పాను. కళ్లంలో అన్న మాట మళ్లీ అందరి ముందూ పలికి, అది తప్పు మాట అన్నాను. శంకరవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దశరథం లేచి బయటికి పోయాడు.

మమత చాలాసేపు పిల్లవాడి తలనే నిమురుతూ ఉంది. తర్వాత అంది, "నాకు ఎరుకనే అత్తమ్మా. మీరు కషాయం మొదలువెట్టిన మూడోనాడే ఫోన్ల చూసిన. పాలు ఎండిపోతయని అండ్ల ఉండె."

నాకు అర్థం కాలేదు. ఎరుకైతే మరి ఎందుకు తాగినవు బిడ్డా అని అడిగాను.

"పొద్దుగాల, మాపటికి మీరొచ్చి నా పక్కన కూసునేది. మా అమ్మ పోయినంక నా పక్కన గట్ల ఎవ్వలు కూసోలే. వద్దంటే మీరు లేసి పోతరేమోనని తాగిన. పాలు తక్కువైతుంటె గూడ తాగిన. పిలగానిది నేనే పోగొట్టిన అత్తమ్మా, మీరు కళ్లంల అన్నది నిజమే."

కోమలా, నేను ఆమె పక్కన కూర్చున్నది గ్లాసు ఖాళీ అవుతుందో లేదో చూడటానికి. అంతకంటే ఏమీ లేదు. ఆమె పారబోస్తుందని నాకు అనుమానం ఉండేది. ఆ సంగతి ఆమెకు చెప్పలేకపోయాను. అన్నీ చెప్పడానికి పోయి ఈ ఒక్కటి మింగి వచ్చాను. నీకు మాత్రమే రాస్తున్నాను.

ఇక్కడి డాక్టరమ్మకు చూపించాం. పాలు పోవడానికి ఆ కషాయమే కారణమని గట్టిగా చెప్పలేమంది, కానీ చిక్కటి కషాయాలేవీ బాలింతకు వద్దంది. డబ్బా పాలతో పాటు పిల్లవాడికి మాటిమాటికీ రొమ్ము అందిస్తే కొంతవరకు తిరిగి పడవచ్చట. నిన్నటి నుంచి కొంచెం పడుతున్నాయి. మొత్తం రావని కూడా చెప్పింది. నువ్వు ఏడవకు, నేను ఇద్దరి వంతూ ఏడ్చాను. నీ మీద కోపం ఇంకా ఉంది, కానీ నువ్వు ఆ ఉత్తరం రాయకపోతే నేను ఇక్కడికి వచ్చేదాన్ని కాదు.

శంకరవ్వ మర్నాడే వెళ్లిపోయింది. సాగర్ రెండుసార్లు వచ్చి చూసిపోయాడు, నాతో మాట కలిపాడు. మీ బావ హోటల్ నుంచి తెచ్చుకు తింటున్నాడట, ఎప్పుడొస్తావని రోజూ ఫోన్. పది రోజులని చెప్పి వచ్చాను కానీ, పది రోజులకు పోయేలా లేను. పొద్దున్నే లేచి మమత పక్కన కూర్చుంటున్నాను. ఆమె పిల్లవాడికి పాలిస్తుంది, నేను ఊరికే ఉంటాను. మొదటి రెండు రోజులు నేను ఎప్పుడు లేస్తానో అని ఆమె ఓరగా చూసేది. ఇవాళ చూడలేదు.

ఇక ముందు ఉత్తరం రాస్తే ఇచ్చోడకే రాయి.

అక్క